డ్రిప్ కన్నా ముందు రిపోర్టు: ఊపిరితిత్తుల క్యాన్సర్ రకాలు, ఇమ్యునోథెరపీ (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ సభలో రోగుల కుటుంబాలవారు ఎక్కువగా, నర్సులూ వైద్య విద్యార్థులూ కొందరు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. అందుకని పరిశోధనల పేర్లు, అంకెలు దాచకుండా చెబుతాను. అర్థం కూడా విప్పి చెబుతాను. రాసుకునేవాళ్లు రాసుకోండి.

ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలగానే ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇమ్యునోథెరపీ ఎంత శాతం పనిచేస్తుందండీ?" దీనికి ఒకే అంకె జవాబుగా చెప్పలేం. ఒక రకం రోగుల్లో ఈ మందుతో అయిదేళ్ల తర్వాత నూటికి ముప్పై మందికి పైగా బతికి ఉన్నారు. ఇంకో రకంలో 23 మందికి ఇదే కోవ మందు ఇస్తే ఒక్కరిలో కూడా గడ్డ తగ్గలేదు. రెండూ ఊపిరితిత్తుల క్యాన్సర్లే, రెండూ నాలుగో దశవే. తేడా అంతా గడ్డ రకంలో ఉంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "మా వాళ్లది ఏ రకం? ఆ సంగతి పూర్తిగా తేలిందా?" అన్నది. ఈ రోజు నా మాటలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

ముందు మందు చేసే పని చూద్దాం. మన ఒంట్లో టీ కణాలు కావలివాళ్లు. కావలివాళ్లు ఇంటివాళ్ల మీదే చెయ్యి చేసుకోకుండా ప్రకృతి వాటికి కొన్ని కళ్లేలు పెట్టింది. టీ కణం మీదుండే పీడీ-1 అలాంటి ఒక కళ్లెం. ఎదుటి కణం తన పైపొర మీద పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ చూపించి దాన్ని లాగితే టీ కణం చల్లబడిపోతుంది. చాలా క్యాన్సర్ కణాలు ఈ ప్రోటీన్‌ను దండిగా తయారుచేసుకుని తప్పించుకుంటాయి. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్, సెమిప్లిమాబ్ టీ కణం వైపు పీడీ-1ను మూసేస్తాయి. అటెజోలిజుమాబ్, డుర్వాలుమాబ్ అవతలివైపు పీడీ-ఎల్1ను మూసేస్తాయి. సీటీఎల్ఏ-4 అనే ఇంకో కళ్లెం ఉంది, దాన్ని వదులు చేసేది ఇపిలిముమాబ్. ఈ రెండు కళ్లేల మీద చేసిన పనికే జేమ్స్ ఆలిసన్‌కు, తసుకు హోంజోకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈ మందు తానుగా క్యాన్సర్ కణాన్ని చంపదు. కళ్లెం వదులు చేస్తుంది, అంతే. కళ్లెం వదిలినంత మాత్రాన సరిపోదు, అక్కడ గుర్రం ఉండాలి, దానికి దారి తెలియాలి. అంటే గడ్డలోకి టీ కణాలు చేరి ఉండాలి, క్యాన్సర్ కణం పరాయిదని అవి గుర్తుపట్టగలగాలి. పొగతాగడం వల్ల వచ్చిన క్యాన్సర్‌లో డీఎన్ఏ వందలచోట్ల దెబ్బతిని ఉంటుంది. ఆ కణాల వాలకం మారిపోతుంది కాబట్టి టీ కణాలు పోల్చుకోగలవు. ఎన్నడూ పొగ ముట్టని మనిషికి ఒకే ఒక్క జన్యువు దారితప్పి వచ్చిన క్యాన్సర్‌లో అన్ని మార్పులు ఉండవు. చూడటానికి సొంత కణంలాగే ఉంటుంది. అందుకే పొగ అలవాటు లేనివాళ్లలో ఇమ్యునోథెరపీ తరచు విఫలమవుతుంది. "మా నాన్న సిగరెట్ ముట్టలేదు కదా, మందు బాగా పనిచేయాలి కదా" అని బంధువులు అనుకోవడం సహజం. జరిగేది చాలాసార్లు దానికి వ్యతిరేకంగా ఉంటుంది.

ఇక రకాలు. నూరు ఊపిరితిత్తుల క్యాన్సర్లలో సుమారు 85 నాన్ స్మాల్ సెల్ కోవలోవి, 15 స్మాల్ సెల్ కోవలోవి. నాన్ స్మాల్ సెల్‌లో పెద్ద వాటా అడినోకార్సినోమాది, తర్వాత స్క్వామస్‌ది. ఇంతవరకు మైక్రోస్కోపులో కనబడే తేడా. అడినోకార్సినోమాలో మళ్లీ జన్యు పరీక్షలో మాత్రమే బయటపడే తేడాలున్నాయి. మందు పనిచేస్తుందా లేదా అన్నది ఎక్కువగా అక్కడే తేలిపోతుంది.

ఆ తేడాలు తేలాలంటే బయాప్సీ ముక్క బాగుండాలి. చికిత్స చాలాసార్లు ఇక్కడే దెబ్బతింటుంది. ఇది పెద్దగా ఎవరూ మాట్లాడని విషయం కాబట్టి కాస్త ఆగి చెబుతాను. సూదితో తీసిన ముక్క అగ్గిపుల్ల కన్నా సన్నగా ఉంటుంది. దాన్ని వెంటనే 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి, ఆరు గంటలకు తగ్గకుండా, 48 గంటలకు మించకుండా ఉంచాలి. తక్కువైతే ముక్క లోపలిదాకా నిలవ కట్టదు, ఎక్కువైతే డీఎన్ఏ తునకలైపోతుంది. ఎముక నుంచి తీసిన ముక్కను మెత్తబరచడానికి యాసిడ్ వాడితే జన్యు పరీక్షకు అది దాదాపు పనికిరాదు. వేరేచోట తీయగలిగిన గడ్డ ఉంటే ఎముకను వదిలేయడమే మేలు. తర్వాత ఇంకో పొరపాటు. క్యాన్సర్ రకం నిర్ధారించడానికి రంగు పరీక్షలు డజను దాకా చేసి ముక్కంతా అరగదీస్తారు. చాలావాటిలో టీటీఎఫ్-1, పీ40 అనే రెండు పరీక్షలతో అడినోనా స్క్వామసా తేలిపోతుంది. మిగిలిన ముక్కను జన్యు పరీక్షకు దాచాలి. ముక్కను మైనంలో బిగించిన బ్లాకును మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద పెట్టిన ప్రతిసారీ అంచు సరిచేయడానికే కొంత కోత పోతుంది కాబట్టి కావలసిన స్లైడ్లన్నీ ఒకేసారి కోయించాలి.

పీడీ-ఎల్1 పరీక్ష సంగతి. స్లైడు మీద కనీసం నూరు బతికున్న క్యాన్సర్ కణాలు ఉండాలి. వాటిలో ఎన్నింటి పైపొరకు రంగు పట్టిందో లెక్కపెట్టి శాతం చెబుతారు. ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజ్‌లు అనే కణాలు సహజంగానే ఉంటాయి, వాటికీ ఈ రంగు పడుతుంది. వాటిని క్యాన్సర్ కణాలుగా లెక్కేస్తే లేని శాతం వచ్చేస్తుంది. ఒకే గడ్డలో ఒక మూల 60 శాతం, ఇంకో మూల 5 శాతం కనబడటం కూడా ఉంది. కాబట్టి ఈ అంకెను అంచనాగానే తీసుకోవాలి.

ఇప్పుడు అసలు చిక్కు. పీడీ-ఎల్1 రిపోర్టు కొద్ది రోజుల్లో వచ్చేస్తుంది. జన్యువుల రిపోర్టుకు రెండు మూడు వారాలు పడుతుంది. మొదటి రిపోర్టులో "80 శాతం" అని కనబడగానే ఆగలేక ఇమ్యునోథెరపీ ఎక్కించేస్తారు. తర్వాత ఈజీఎఫ్ఆర్ మార్పు ఉందని రెండో రిపోర్టు వస్తుంది. అప్పటికే ఒంట్లో ఉన్న మందును వెనక్కి తీయలేం. ఈ తొందర ఎంత ఖరీదైనదో ఇప్పుడు చెబుతాను.

ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, ఆర్ఓఎస్1, ఆర్ఈటీ, హెర్2, మెట్, బీరాఫ్, కేరాస్. ఇవి క్యాన్సర్‌ను నడిపించే జన్యువులు. ఇమ్యునోటార్గెట్ అనే పరిశోధనలో ఇలాంటి మార్పులున్న 551 మందికి ఒంటరిగా ఇమ్యునోథెరపీ ఇచ్చినప్పుడు ఏం జరిగిందో 2019లో లెక్కగట్టారు. గడ్డ బాగా తగ్గినవాళ్లు కేరాస్‌లో 26 శాతం, బీరాఫ్‌లో 24, మెట్‌లో 16, ఈజీఎఫ్ఆర్‌లో 12, హెర్2లో 7, ఆర్ఈటీలో 6. ఏఎల్‌కేలో సున్నా. మొదట చెప్పిన ఆ 23 మంది వీళ్లే. అదే ఏఎల్‌కే రోగులకు అలెక్టినిబ్ మాత్రలు ఇస్తే వ్యాధి ముదరకుండా ఉన్న మధ్యస్థ కాలం 34.8 నెలలు. మధ్యస్థం అంటే సగం మందికి అంతకన్నా తక్కువ, సగం మందికి అంతకన్నా ఎక్కువ అని. ఈజీఎఫ్ఆర్ ఉన్నవాళ్లకు ఒసిమెర్టినిబ్ మాత్రతో నూటికి 80 మందిలో గడ్డ తగ్గుతుంది. ఇంత మంచి దారి ఉండగా, పట్టని మందుతో మొదలుపెట్టడం ఎంత నష్టమో చూడండి.

అయితే పీడీ-ఎల్1 ఎక్కువుంటే ఈజీఎఫ్ఆర్ రోగికి కూడా పనిచేయదా అనిపిస్తుంది. ఆ ప్రయత్నమూ జరిగింది. మాత్రలు ఇంకా మొదలుపెట్టని, పీడీ-ఎల్1 ఉన్న ఈజీఎఫ్ఆర్ రోగులకు పెంబ్రోలిజుమాబ్ ఇచ్చే పరిశోధనను 11 మందితోనే ఆపేశారు. ఒక్కరిలో గడ్డ తగ్గినట్టు కనబడింది. తిరిగి పరీక్షిస్తే ఆ మనిషికి ఈజీఎఫ్ఆర్ మార్పే లేదు, మొదటి రిపోర్టు తప్పు. ఈ జన్యు మార్పున్న కణం పీడీ-ఎల్1ను దాని సంకేతం వల్లే తయారుచేస్తుంది, టీ కణాల దాడికి భయపడి కాదు. కాబట్టి అంకె పెద్దగా కనబడినా దాని వెనక సిద్ధంగా ఉన్న టీ కణాల దండు ఉండదు.

పట్టకపోవడం ఒక్కటే అయితే కొంత కాలం వృథా అయిందని సరిపెట్టుకోవచ్చు. ప్రమాదం వరస తప్పడంలో ఉంది. ఇమ్యునోథెరపీ మందు మూడు వారాలకోసారి ఎక్కించినా, దాని పట్టు టీ కణాల మీద నెలల తరబడి ఉంటుంది. ఆ పట్టు మీద ఒసిమెర్టినిబ్ మొదలుపెడితే ఊపిరితిత్తుల వాపు, పెద్దపేగు వాపు లాంటివి తీవ్రంగా రావచ్చు. ఇమ్యునోథెరపీ తర్వాత ఒసిమెర్టినిబ్ వాడిన 41 మందిలో ఆరుగురికి, అంటే 15 శాతానికి, తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చాయి. మూడు నెలల లోపలే మొదలుపెట్టినవాళ్లలో అయితే 24 శాతం. వరస తిప్పి, ముందు ఒసిమెర్టినిబ్, తర్వాత ఇమ్యునోథెరపీ ఇచ్చిన 29 మందిలో ఒక్కరికీ రాలేదు. మందులు రెండూ అవే, వరస మాత్రమే మారింది.

అయితే రోగి ఆయాసపడుతుంటే రిపోర్టు కోసం మూడు వారాలు ఊరికే కూర్చోవాలా? అక్కర్లేదు. మొదటి విడత కీమో ఒక్కటే ఇవ్వండి, ఇమ్యునోథెరపీ పక్కన పెట్టండి. జన్యు రిపోర్టు శుభ్రంగా వస్తే రెండో విడత నుంచి కలపొచ్చు. ఈజీఎఫ్ఆర్ అనో ఏఎల్‌కే అనో వస్తే మాత్రలకు మారిపోవచ్చు. ముక్కతో పాటే రక్తం పంపి అందులో తేలే క్యాన్సర్ డీఎన్ఏ చూడొచ్చు, అది త్వరగా వస్తుంది. అందులో మార్పు కనబడితే నమ్మి మాత్ర మొదలుపెట్టొచ్చు. కనబడకపోతే మాత్రం "లేదు" అని కాదు, గడ్డ రక్తంలోకి డీఎన్ఏ వదలలేదని కూడా కావచ్చు. ముక్క రిపోర్టు కోసం ఆగాల్సిందే.

మాత్రలు పనిచేయడం మానేశాక ఇమ్యునోథెరపీకి అవకాశం ఉందా అని అడుగుతారు. కీమోకు పీడీ-1 మందు కలిపి చూసిన కీనోట్-789, చెక్‌మేట్-722 అనే పరిశోధనలు రెండూ కీమో ఒక్కదాని కన్నా స్పష్టమైన లాభం చూపలేకపోయాయి. పీడీ-1నూ, రక్తనాళాలు పెరిగేలా చేసే వీఈజీఎఫ్‌నూ ఒకేసారి అడ్డుకునే ఇవోనెసిమాబ్‌ను కీమోతో కలిపినప్పుడు మాత్రం వ్యాధి ఆగిన కాలం 4.8 నెలల నుంచి 7.1 నెలలకు పెరిగింది. చైనాలో చేసిన ఆ ఫలితం 2024లో వచ్చింది. రెండో తాళం కూడా తీయాల్సి ఉందేమో అని అది సూచిస్తోంది.

ఇప్పుడు నడిపించే జన్యువు ఏదీ లేని నాన్ స్మాల్ సెల్ క్యాన్సర్‌కు వద్దాం. ఈ మందుల అసలు బలం ఇక్కడుంది. పీడీ-ఎల్1 50 శాతం, ఆపైన ఉన్నవాళ్లకు పెంబ్రోలిజుమాబ్ ఒక్కటే ఇచ్చి కీమోతో పోల్చిన పరిశోధన కీనోట్-024. 305 మంది. మధ్యస్థ ఆయుష్షు కీమోతో 13.4 నెలలు, పెంబ్రోలిజుమాబ్‌తో 26.3 నెలలు. అయిదేళ్లకు బతికి ఉన్నవాళ్లు కీమోతో 16.3 శాతం, పెంబ్రోలిజుమాబ్‌తో 31.9 శాతం. కీమో మొదలుపెట్టి మధ్యలో వ్యాధి ముదిరినవాళ్లలో చాలామంది తర్వాత ఇమ్యునోథెరపీకి మారారు, అయినా ఇంత తేడా నిలబడింది. ఈ మందు రాకముందు నాలుగో దశలో అయిదేళ్ల మాట ఎత్తడానికే వైద్యులు జంకేవాళ్లు.

పీడీ-ఎల్1 1 నుంచి 49 మధ్య ఉంటే మందు ఒంటరిగా ఇవ్వడంలో బలం లేదు. కీనోట్-042లో ఈ మధ్య గుంపును విడిగా చూస్తే మధ్యస్థ ఆయుష్షు పెంబ్రోలిజుమాబ్‌తో 13.4 నెలలు, కీమోతో 12.1 నెలలు. అంటే కీమోకు దాదాపు సమానమే. ఇక్కడ కీమోతో కలిపే ఇవ్వాలి. స్క్వామస్ కాని రకంలో పెమెట్రెక్సెడ్, ప్లాటినం మందులకు పెంబ్రోలిజుమాబ్ కలిపిన కీనోట్-189లో మధ్యస్థ ఆయుష్షు 10.6 నుంచి 22 నెలలకు పెరిగింది. అయిదేళ్లకు 11.3 శాతం ఉన్నది 19.4 అయింది. పీడీ-ఎల్1 సున్నా ఉన్నవాళ్లకు నివోలుమాబ్, ఇపిలిముమాబ్ జంట కూడా ఒక దారి. చెక్‌మేట్-227లో అలాంటివాళ్లు అయిదేళ్లకు 19 శాతం మిగిలారు, కీమో వైపు 7 శాతం. సున్నా అని రాగానే ఆశ వదులుకోవద్దని ఈ అంకె చెబుతోంది. జంట మందులకు దుష్ఫలితాలు మాత్రం ఎక్కువ.

ఒక్క గడ్డ రకంలోనే మళ్లీ తేడాలున్నాయి. కేరాస్ మార్పున్నవాళ్లలో ఎక్కువమంది పొగతాగినవాళ్లు, మందు బాగానే పనిచేస్తుంది. దానితో పాటు ఎస్‌టీకే11 అనే జన్యువు గానీ కీప్1 అనే జన్యువు గానీ చెడి ఉంటే పరిస్థితి తిరగబడుతుంది. ఆ గడ్డలోకి టీ కణాలు రావు, మందు చప్పబడుతుంది. జన్యు రిపోర్టు చివరి పేజీల్లో ఈ రెండు పేర్లున్నాయేమో వెతకండి. మాత్ర లేని మార్పులు కదా అని చాలామంది వాటిని చదవకుండానే దాటేస్తారు.

స్క్వామస్ రకానికి చాలాకాలం ఏ కొత్త మందూ కలిసిరాలేదు. పెమెట్రెక్సెడ్ దీనికి పట్టదు. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే బెవాసిజుమాబ్ ఇస్తే పెద్ద శ్వాసనాళాల పక్కనున్న గడ్డ చితికి నెత్తురు పడే ప్రమాదం. మాత్రలకు లొంగే జన్యు మార్పులు అరుదు. 2015లో చెక్‌మేట్-017 ఫలితం వచ్చినప్పుడు ఈ రోగులకు మొదటిసారి దారి తెరుచుకుంది. రెండో వరస చికిత్సలో, అంటే మొదటి చికిత్స పనిచేయడం మానేశాక, డోసిటాక్సెల్ అనే కీమోతో ఏడాది దాటినవాళ్లు 24 శాతం, నివోలుమాబ్‌తో 42 శాతం. పీడీ-ఎల్1 ఎంతున్నా ఈ లాభం దాదాపు ఒకేలా ఉంది. తర్వాత మొదటి వరసలోనే కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్‌తో పెంబ్రోలిజుమాబ్ కలిపిన కీనోట్-407లో అయిదేళ్ల అంకె 9.7 శాతం నుంచి 18.4 శాతానికి పెరిగింది.

ఇవన్నీ నాలుగో దశ మాటలు. ముందు దశల్లో లాభం ఇంకా పెద్దది, ఎందుకంటే అక్కడ మాట్లాడేది నయం కావడం గురించి. ఆపరేషన్‌కు లొంగని మూడో దశలో కీమో, రేడియేషన్ కలిపి పూర్తయ్యాక ఏడాది పాటు డుర్వాలుమాబ్ ఇవ్వడం పసిఫిక్ అనే పరిశోధనలోని పద్ధతి. రేడియేషన్ ముగిసిన 42 రోజుల లోపు మొదలుపెట్టారు. అయిదేళ్లకు 42.9 శాతం, మందు లేనివాళ్లలో 33.4 శాతం. ఇక్కడ కూడా ఈజీఎఫ్ఆర్ ఉన్నవాళ్లకు స్పష్టమైన లాభం కనబడలేదు. వాళ్లకు డుర్వాలుమాబ్ కాదు, ఒసిమెర్టినిబ్ కావాలి. 2024లో వచ్చిన లారా పరిశోధనలో ఆ మాత్రతో వ్యాధి ఆగిన మధ్యస్థ కాలం 39.1 నెలలు, మాత్ర లేకుండా 5.6 నెలలు.

ఆపరేషన్ చేయగలిగిన గడ్డకు ముందుగా నివోలుమాబ్, కీమో మూడు విడతలు ఇచ్చి తర్వాత కోసిన పరిశోధన చెక్‌మేట్-816. కోసి తీసిన ముక్కలో ఒక్క బతికున్న క్యాన్సర్ కణం కూడా కనబడనివాళ్లు 24 శాతం. కీమో ఒక్కటే ఇచ్చినవాళ్లలో 2.2 శాతం. గడ్డ ఒంట్లో ఉండగానే మందు ఇస్తే టీ కణాలకు చూసి నేర్చుకోవడానికి సరుకు ఎక్కువ ఉంటుంది. ఈ పద్ధతిలోకి కూడా ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే ఉన్నవాళ్లను తీసుకోలేదు. సర్జన్ దగ్గరికి వెళ్లేముందే ఈ రెండు పరీక్షలు చేతిలో ఉండాలి.

స్మాల్ సెల్ క్యాన్సర్ వేరే లోకం. వేగంగా పెరుగుతుంది, వేగంగా పాకుతుంది. దాదాపు అందరూ పొగతాగినవాళ్లే, జన్యు మార్పులు కుప్పలుగా ఉంటాయి. ఆ లెక్కన ఇమ్యునోథెరపీ అద్భుతంగా పనిచేయాలి. పనిచేయదు. కారణం, ఈ కణాలు తమ లోపలి ప్రోటీన్ ముక్కలను పైకి చూపించే ఎంహెచ్‌సీ పళ్లేన్నే దించేస్తాయి. పీడీ-ఎల్1 కూడా తక్కువే. గుర్రం ఉంది, కళ్లెం వదిలారు, దారి కనబడటం లేదు. కార్బోప్లాటిన్, ఎటోపోసైడ్ కీమో నాలుగు విడతలతో అటెజోలిజుమాబ్ కలిపి, తర్వాత అదొక్కటే కొనసాగించిన ఇంపవర్-133లో మధ్యస్థ ఆయుష్షు 10.3 నుంచి 12.3 నెలలు అయింది. రెండు నెలలే. కానీ ఆ రెండు నెలల వెనక ఇంకో సంగతి ఉంది. డుర్వాలుమాబ్‌తో చేసిన కాస్పియన్‌లో మూడేళ్లకు మిగిలినవాళ్లు 5.8 శాతం నుంచి 17.6 శాతానికి పెరిగారు. ఎక్కువమందికి కొంచెమే లాభం, కొద్దిమందికి చాలా పెద్ద లాభం. ఆ కొద్దిమంది ఎవరో ముందుగా చెప్పే పరీక్ష రోజువారీ వైద్యంలోకి ఇంకా రాలేదు. పీడీ-ఎల్1 అంకె ఇక్కడ దారి చూపదు, దాన్ని బట్టి మందు ఇవ్వడమో మానడమో చేయకండి.

స్మాల్ సెల్ ఒక ఛాతీ భాగానికే పరిమితమై ఉన్నప్పుడు ఫలితం చాలా మెరుగు. కీమో, రేడియేషన్ తర్వాత రెండేళ్ల దాకా డుర్వాలుమాబ్ ఇచ్చిన ఏడ్రియాటిక్ పరిశోధనలో మధ్యస్థ ఆయుష్షు 33.4 నుంచి 55.9 నెలలకు పెరిగింది. 2024లో వచ్చిన ఈ ఫలితం ఈ వ్యాధి చరిత్రలో చాలా పెద్ద అడుగు అని నా అభిప్రాయం.

తిరగబెట్టిన స్మాల్ సెల్‌కు ఇప్పుడు టార్లటమాబ్ వచ్చింది. ఇది కళ్లెం వదిలే మందు కాదు. ఒక చేత్తో స్మాల్ సెల్ కణం మీదుండే డీఎల్ఎల్3 అనే ప్రోటీన్‌ను, ఇంకో చేత్తో టీ కణాన్ని పట్టుకుని రెండింటినీ పక్కపక్కకు లాగుతుంది. ఎంహెచ్‌సీ పళ్లెం లేకపోయినా పని జరుగుతుంది. రెండో వరస కీమోతో పోలిస్తే మధ్యస్థ ఆయుష్షు 8.3 నుంచి 13.6 నెలలకు పెరిగింది. మొదటిరోజు 1 మిల్లీగ్రాము మాత్రమే ఇచ్చి, ఎనిమిదో రోజు 10కి పెంచుతారు. ఎందుకంటే టీ కణాలు ఒక్కసారిగా రెచ్చిపోతే జ్వరం, బీపీ పడిపోవడం, ఆక్సిజన్ తగ్గడం, ఒక్కోసారి మాట తడబడటం వస్తాయి. మొదటి రెండు డోసుల తర్వాత ఒక రోజంతా కనిపెట్టి ఉండాలి.

అరుదైన రకాల గురించి రెండు ముక్కలు. సార్కోమటాయిడ్ రకంలో పీడీ-ఎల్1 తరచు ఎక్కువ, కీమోకు లొంగని ఈ గడ్డ ఇమ్యునోథెరపీకి చాలాసార్లు లొంగుతుంది. నెమ్మదిగా పెరిగే కార్సినాయిడ్‌కు ఈ మందులతో పెద్దగా పని లేదు. ఊపిరితిత్తుల పొరకు వచ్చే మీసోథీలియోమా ఊపిరితిత్తుల క్యాన్సర్ కాదు, కానీ నివోలుమాబ్, ఇపిలిముమాబ్ జంట దానిలో మధ్యస్థ ఆయుష్షును 14.1 నుంచి 18.1 నెలలకు పెంచింది.

ఇక దుష్ఫలితాలు. కీమోలో తెల్లకణాలు ఎప్పుడు తగ్గుతాయో ముందే తెలుసు. ఇక్కడ మొదటి వారంలో రావచ్చు, మందు ఆపేసిన ఆరు నెలలకూ రావచ్చు. ఊపిరితిత్తుల రోగిలో ముందు భయపడాల్సింది న్యుమోనైటిస్‌కు, అంటే ఊపిరితిత్తుల వాపుకు. నూటికి ముగ్గురు నుంచి అయిదుగురికి వస్తుంది. పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం, వేలికి పెట్టే యంత్రంలో ఆక్సిజన్ అంకె మామూలు కన్నా తగ్గడం. తరచు జరిగే పొరపాటు ఏమిటంటే ఇన్‌ఫెక్షన్ అనుకుని వారం రోజులు యాంటీబయాటిక్స్‌తో గడిపేయడం. అనుమానం రాగానే ఛాతీ సీటీ తీయించాలి. నడిచినప్పుడు లక్షణాలుంటే రోజుకు కిలోకు 1 మిల్లీగ్రాము ప్రెడ్నిసలోన్, ఆక్సిజన్ అవసరమైతే కిలోకు 1 నుంచి 2 మిల్లీగ్రాముల మిథైల్‌ప్రెడ్నిసలోన్ నరంలోకి. తగ్గాక నాలుగు నుంచి ఆరు వారాల మీద మెల్లగా దించాలి. రెండు రోజుల్లో బాగయిందని గబుక్కున ఆపేస్తే వాపు తిరగబెడుతుంది, రెండోసారి లొంగడం కష్టం. 20 మిల్లీగ్రాములకు పైగా నాలుగు వారాలు దాటేలా ఉంటే న్యుమోసిస్టిస్ అనే ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ రాకుండా కోట్రైమోక్సజోల్ తోడు ఇవ్వాలి.

థైరాయిడ్ చెడటం చాలా మామూలు. మాత్రతో సరిపోతుంది, క్యాన్సర్ మందు ఆపక్కర్లేదు. కానీ నీరసంతో వచ్చిన రోగికి థైరాయిడ్ మాత్ర రాసేముందు పొద్దున్నే రక్తంలో కార్టిసాల్ అనే హార్మోన్ చూడండి. అదీ తగ్గి ఉంటే ముందు హైడ్రోకార్టిసోన్, తర్వాతే థైరాయిడ్ మాత్ర. వరస తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. ఉన్నట్టుండి దాహం, మాటిమాటికీ మూత్రం వస్తే చక్కెర చూడాలి. ఇన్సులిన్ తయారుచేసే కణాలే పోయి ఉండవచ్చు, దానికి స్టెరాయిడ్ పనిచేయదు, ఇన్సులినే దిక్కు. రోజుకు మామూలు కన్నా నాలుగు, ఆపైన విరేచనాలు అదనంగా అవుతుంటే ఫోన్ చేయాలి, ఇంట్లో ఉన్న విరేచనాల మాత్ర వేసుకుని ఊరుకోకూడదు. కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనబడటం, కండరాల నొప్పి, గుండెదడ కలిసి వస్తే ఆ రోజే ఆసుపత్రి, ఆ రోజే ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగే ప్రోటీన్) రక్తపరీక్ష, ఈసీజీ. గుండె కండరం వాపు వచ్చేది నూటికి ఒకరికన్నా తక్కువమందికి, వస్తే మాత్రం చాలా ప్రమాదం. ఇపిలిముమాబ్ ఉన్న జంట మందుల్లో ఇవన్నీ ఎక్కువ.

మందు మొదలుపెట్టేముందు రోజూ 10 మిల్లీగ్రాములకు మించి ప్రెడ్నిసలోన్ వాడుతున్నవాళ్లలో ఫలితం తక్కువగా కనబడింది. ఆకలి కోసమో నీరసం కోసమో స్టెరాయిడ్ వేసుకుంటుంటే డాక్టరుకు చెప్పండి. దుష్ఫలితానికి ఇచ్చే స్టెరాయిడ్ సంగతి వేరు. అది క్యాన్సర్ మందును చెడగొడుతుందేమో అని భయపడి మానొద్దు. మూత్రపిండం మార్పిడి అయినవాళ్లలో ఈ మందు ఆ మూత్రపిండాన్నే ఒళ్లు తిరస్కరించేలా చేయగలదు, ఆ సంగతి మొదటే చెప్పాలి.

ఫలితం ఎప్పుడు తెలుస్తుంది? మొదటి స్కాన్ ఆరు నుంచి తొమ్మిది వారాలకు. టీ కణాలు చేరి గడ్డ కొన్నాళ్లు ఉబ్బినట్టు కనబడటం ఉంది గానీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో అది అరుదు. మనిషి తేరుకుంటూ, తిండి తింటూ ఉంటే నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ స్కాన్ తీసి తేల్చుకోవచ్చు. మనిషి చిక్కిపోతూ, గడ్డ పెరుగుతూ ఉంటే అది ఉబ్బు కాదు, వ్యాధే. అక్కడ ఆశతో ఇంకో రెండు విడతలు ఎక్కించి కీమోకు కూడా ఓపిక లేని స్థితికి తేవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

చివరి వరసలో అమ్మగారు చీటీ పంపారు. "రెండేళ్లకు ఆపేయమన్నారు, ఆపితే తిరగబెట్టదా?" అని. పెంబ్రోలిజుమాబ్ మూడు వారాలకు ఒకసారి 200 మిల్లీగ్రాములు, లేదా ఆరు వారాలకు ఒకసారి 400. మొత్తం రెండేళ్లు, మూడు వారాల లెక్కన 35 విడతలు. కీనోట్-024లో 39 మంది ఈ 35 విడతలూ పూర్తిచేశారు. పూర్తయిన మూడేళ్ల తర్వాత కూడా వాళ్లలో నూటికి 81 మంది బతికే ఉన్నారు. రెండేళ్లకు ఆపినవాళ్లనూ, ఆపకుండా కొనసాగించినవాళ్లనూ పోల్చి చూసినప్పుడు ఆయుష్షులో తేడా కనబడలేదు. ఆపాక కొందరికి తిరగబెట్టింది. అలా రెండోసారి అదే మందు తీసుకున్న 12 మందిలో నలుగురికి గడ్డ మళ్లీ తగ్గింది. కాబట్టి అమ్మా, స్కానులో వ్యాధి కదలకుండా ఉంటే రెండేళ్లకు ఆపడానికి భయపడకండి. ఆపాక మూడు నెలలకొకసారి స్కాన్, థైరాయిడ్ పరీక్ష మానకండి. కొత్తగా దగ్గు వచ్చినా, విరేచనాలు పట్టుకున్నా ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ మందు తీసుకున్నానని ముందే చెప్పండి. ఆ మాట వింటేనే వాళ్లకు స్టెరాయిడ్ ఆలోచన వస్తుంది.